కారు ఫ్యూజులు, బ్యాటరీ కనెక్షన్లు: విశాఖలో కారున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కార్ల వైరింగ్ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కింద ఉన్నవన్నీ రోజూ ఫోనులోనో షాపు దగ్గరో వినే ప్రశ్నలే. చాలామంది కొత్త బ్యాటరీ కొనేశాకే నా దగ్గరికి వస్తారు, అప్పటికీ కారు మొరాయిస్తూనే ఉంటుంది, తీరా చూస్తే ఒక నట్టు బిగించాలి, లేకపోతే ఒక టెర్మినల్ (బ్యాటరీకి వైరు బిగించే చోటు) గీకి శుభ్రం చేయాలి, అంతే. ఆ డబ్బు మీకు మిగలాలి. అంతకన్నా ముఖ్యంగా ఫ్యూజు దగ్గర చేసే ఒక తప్పు వల్ల కారు తగలబడకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్ మని చప్పుడు, ఇంజిన్ తిరగట్లేదు. బ్యాటరీ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు, కానీ ముందే ఆ మాట అనుకోకండి. టెర్మినల్ లూజుగా ఉన్నా ఇదే చప్పుడు వస్తుంది.

ఒక ఆదివారం సాయంత్రం భీమిలి నుంచి ఫోను. పిల్లలతో బీచికి వెళ్ళిన కుటుంబం, కారు స్టార్ట్ అవ్వట్లేదు, మర్నాడు పొద్దున్నే విజయనగరంలో పెళ్ళికి వెళ్ళాలి, ఆయన గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "బ్యాటరీ నెల కిందటే మార్చాను బాబూ, కొత్తది కూడా పోయిందా?" అన్నారు. బోనెట్ ఎత్తి నెగెటివ్ క్లాంపు, అంటే వైరు చివర బ్యాటరీని పట్టుకునే పట్టీ, చేత్తో పట్టుకుని తిప్పమన్నాను. చేతికి గాజు తిరిగినట్టు తిరిగిందట. కొత్త బ్యాటరీ పెట్టినవాళ్ళు నట్టు బిగించారు, కానీ ఆ బ్యాటరీ పోలు (పైకి పొడుచుకొచ్చిన సీసం మొట్టు) పాతదానికన్నా సన్నం, నట్టు చివరిదాకా బిగిసినా క్లాంపు పోలుని పట్టుకోలేదు. క్లాంపుని కిందకి గట్టిగా నొక్కి, ఒక పక్కకి తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నాను, స్టార్ట్ అయింది. రాత్రి షాపుకి వచ్చాక పోలు మీదకి సీసం తొడుగు వేసి క్లాంపు బిగించాను. ఇలాంటి చోట కొందరు రేకు ముక్కో మేకో దూర్చేస్తారు. అది నాలుగు రోజులు పనిచేస్తుంది, తర్వాత వేడెక్కి మళ్ళీ మొదటికొస్తుంది. అలా చేయనివ్వకండి.

కాబట్టి మొదటి పని ఇదే: రెండు క్లాంపుల్నీ చేత్తో కదిపి చూడండి. చేతికి కదిలిందంటే బిగువు లేనట్టే. పానా లేకుండా చేత్తో తిప్పితే కదలకూడదు.

క్లాంపు గట్టిగానే ఉంది, లైట్లు కూడా వెలుగుతున్నాయి. మరి సెల్ఫ్ ఎందుకు తిరగదు?

ఇది అర్థమైతే సగం సమస్యలు మీకే అర్థమవుతాయి. లోపలి చిన్న లైటు అర ఆంపు కూడా తీసుకోదు. సెల్ఫ్ మోటారు మాత్రం బండిని బట్టి 100 నుంచి 200 ఆంప్స్ దాకా లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువే. క్లాంపుకీ పోలుకీ మధ్య చిలుము పొర ఉందనుకోండి, దాని నిరోధం 0.01 ఓమ్ మాత్రమే అనుకుందాం. అర ఆంపుకి అక్కడ పోయే వోల్టేజి లెక్కలోకి రాదు, లైటు హాయిగా వెలుగుతుంది. అదే పొర గుండా 150 ఆంప్స్ పోవాలంటే 1.5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, పైగా ఆ చోటు వేడెక్కుతుంది కూడా. అందుకే "లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కనెక్షన్ బాగానే ఉంది" అనే మాట నమ్మకండి.

మీటరు లేకుండా చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడ మీద వెలుగు చూస్తూ సెల్ఫ్ కొట్టండి. వెలుగు మెల్లగా బాగా తగ్గిపోయి, సెల్ఫ్ నీరసంగా మూలిగితే బ్యాటరీలో చార్జి లేదు. వెలుగు ఒక్కసారిగా ఆరిపోయి, డ్యాష్‌బోర్డులో గడియారం కూడా సున్నాకి వెళ్ళిపోతే, ఎక్కువ సార్లు అది టెర్మినలో, బాడీకి వెళ్ళే ఎర్త్ వైరో లూజయినట్టు. వెలుగు ఏ మాత్రం తగ్గకుండా, లోపల ఏ చప్పుడూ లేకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్ళడమే లేదు, అంటే సెల్ఫ్ ఫ్యూజు, రిలే (పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే చిన్న పెట్టె), క్లచ్ స్విచ్, ఆటోమేటిక్ అయితే గేరు 'పి'లో ఉందా లేదా, ఇటు చూడాలి.

మల్టీమీటరు ఉంది. ఏ రీడింగు వస్తే ఏమనుకోవాలి?

డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. కారు ఆపి కనీసం రెండు మూడు గంటలు అయ్యాక చూడాలి, ఆపిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది. 12.6 వస్తే నిండా చార్జి ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12 కన్నా తక్కువైతే ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ అలిసిపోయింది, అయితే ముందు నిండా చార్జి చేసి చూశాకే ఆ తీర్పు ఇవ్వాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నా 12.5 దగ్గరే ఉండిపోతే డైనమో చార్జి చేయట్లేదు, అప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా లాభం లేదు. 15 దాటుతుంటే రెగ్యులేటరు పాడై బ్యాటరీని ఉడికించేస్తోంది, అది ఇంకా ప్రమాదం. ఈమధ్య వచ్చిన కొన్ని కార్లలో కంప్యూటరే చార్జింగుని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగుతో డైనమో మార్చేయకండి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్ళీ చూడండి.

చాలామంది మెకానిక్కులు కూడా చేయని పరీక్ష ఒకటుంది, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ పోలు నడి మధ్యలో, సీసం మీదే ఆనించాలి. నల్ల ముల్లు అదే పోలుకి ఉన్న క్లాంపు మీద ఆనించాలి. పక్కవాళ్ళని సెల్ఫ్ కొట్టమనండి. పోలూ క్లాంపూ ఒకదానికొకటి బాగా అతుక్కుని ఉంటే మీటరు దాదాపు సున్నా చూపించాలి. 0.1 దాకా పర్వాలేదు. అర వోల్టు వచ్చిందంటే మధ్యలో చిలుము కూర్చుంది. రెండో పోలు దగ్గర కూడా ఇలాగే చూడండి. మైనస్ గుర్తు వస్తే కంగారు పడకండి, అంకె మాత్రమే చూడండి.

టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పడుతోంది. మన ఊళ్ళో ఇది ఎక్కువా?

ఎక్కువే. బ్యాటరీలోంచి సన్నగా బయటికొచ్చే ఆమ్లపు ఆవిరి సీసం మీద తెల్లటి పొడిగా, రాగి మీద నీలం కలిసిన పచ్చ రంగులో కూర్చుంటుంది. ఇది ఎక్కడైనా జరిగేదే. మన దగ్గర దానికి సముద్రపు గాలి తోడవుతుంది. ఆ గాలిలోని ఉప్పు తేమని లాగి పట్టుకుంటుంది, ఆ తడిలో లోహం త్వరగా తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ, యారాడ వైపు ఆరుబయట ఆపే కార్లలో ఈ తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. గాజువాక, పోర్టు వైపు నుంచి వచ్చే కార్ల బ్యాటరీ మీద దుమ్ము మందంగా ఉంటుంది, ఆ దుమ్ము తడిస్తే రెండు పోళ్ళ మధ్య సన్నగా కరెంటు పారే దారి కూడా అవుతుంది. బ్యాటరీ పైభాగం పొడిగా, శుభ్రంగా ఉంచమనేది అందుకే.

సముద్రానికి దగ్గర్లో ఉంటే మూడు నెలలకోసారి బోనెట్ ఎత్తి చూడండి. ఊళ్ళోపల ఉంటే ఆరు నెలలకోసారి చాలు.

శుభ్రం చేయడం ఇంట్లో చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు. చాలా కార్లకి 10 నంబరు పానా సరిపోతుంది. చేతి ఉంగరాలు, కడియం, మెటల్ వాచీ ముందు తీసేయండి. ఇది మాట వరసకి చెప్పడం కాదు, పానా ఒక కొన ప్లస్‌కీ, ఉంగరం బాడీకీ తగిలి వేలు కాలినవాళ్ళని చూశాను.

తాళం తీసేసి ముందు నెగెటివ్ విప్పండి, తర్వాత పాజిటివ్. ఎందుకంటే కారు బాడీ మొత్తం నెగెటివే. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే పానా పక్కనున్న ఇనుముకి తగిలితే చాలు, పెద్ద స్పార్క్ వచ్చేస్తుంది. నెగెటివ్ తీసేశాక అలా తగిలినా ఏమీ కాదు. తిరిగి పెట్టేటప్పుడు ముందు పాజిటివ్, ఆఖర్న నెగెటివ్.

గ్లాసుడు వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో టెర్మినల్ మీద రుద్దండి. నురగ పొంగుతుంది, ఆమ్లం విరుగుతోందన్నమాట. నురగ రావడం ఆగేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. సోడా నీళ్ళు మాత్రం బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. క్లాంపు లోపలి గుండ్రాన్నీ, పోలునీ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి, అక్కడ సీసం రంగు కనపడాలి. ఆ పొడి కళ్ళలో పడకుండా చూసుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

బిగించాక, పైనుంచి పల్చగా వాజలిన్ పూయండి. బిగించక ముందు పూసేస్తే మధ్యలో జిడ్డు పొర మిగిలిపోతుంది కాబట్టి తర్వాతే పూయాలి. నట్టు మరీ బలంగా బిగించినా సీసం పగులుతుంది, క్లాంపు కదలకపోతే చాలు.

నెగెటివ్ క్లాంపు మీద చిన్న నల్ల ప్లాస్టిక్ పెట్టె, దానికో సన్న వైరు ఉంటే అది బ్యాటరీ సెన్సరు. స్క్రూడ్రైవరు దూర్చి దాన్ని పైకి లేపకండి, విరిగితే ఖర్చు ఎక్కువ.

ఎర్త్ వైరు అంటే ఏది? అది కూడా చూడాలా?

తప్పకుండా చూడాలి, అందరూ మర్చిపోయేది అదే. నెగెటివ్ నుంచి ఒక లావు వైరు బాడీకి, ఇంకొకటి ఇంజిన్‌కో గేరుబాక్స్‌కో వెళ్తుంది. ఆ బోల్టు కింద తుప్పు పట్టినా, వైరు నార సగం తెగినా వింత వింత లక్షణాలు వస్తాయి: ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు మినుకుమంటుంది, హారన్ కొడితే డ్యాష్‌బోర్డు డిమ్ అవుతుంది, సెల్ఫ్ ఒకసారి కొడుతుంది ఒకసారి కొట్టదు. బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ గీకి, మళ్ళీ బిగిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

ఫ్యూజు బాక్సు ఎక్కడుంటుంది? ఏ ఫ్యూజు దేనిదో ఎలా తెలుస్తుంది?

ఎక్కువ కార్లలో రెండుంటాయి. ఒకటి డ్రైవరు మోకాలి దగ్గర డ్యాష్‌బోర్డు కింద, లేదా గ్లోవ్ బాక్సు వెనక. రెండోది బోనెట్ కింద బ్యాటరీ పక్కన. మూత లోపలి వైపు పటం ఉంటుంది, లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లలో ఇంజిన్ దగ్గరి బాక్సు మూతలో ఫ్యూజులు లాగే చిన్న ప్లాస్టిక్ శ్రావణం దాచి ఉంటుంది, చాలామంది ఏళ్ళ తరబడి దాన్ని చూడనే చూడరు.

రంగే ఫ్యూజు శక్తి చెబుతుంది. లేత గోధుమ రంగు 5 ఆంప్స్, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెలుపు లేదా పారదర్శకం 25, ఆకుపచ్చ 30. సైజుల్లో మాత్రం తేడాలుంటాయి, మినీ ఉంది, దానికన్నా పొట్టిది ఉంది, మామూలు పెద్దది ఉంది. కొనడానికి వెళ్ళేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్ళండి.

ఫ్యూజు కంటికి బాగానే కనిపిస్తోంది, అయినా పని చేయట్లేదు.

కంటిని నమ్మకండి. తీగ వెంట్రుకంత తెగినా కనపడదు. దాదాపు ప్రతి ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి ఉంటాయి. తాళం ఆన్ చేసి, మీటరు నల్ల ముల్లు బాడీ ఇనుముకి ఆనించి, ఎర్ర ముల్లుతో ఆ రెండు చుక్కలూ చూడండి. రెండింటిలో 12 వస్తే ఫ్యూజు బాగుంది. ఒకదాంట్లో వచ్చి రెండోదాంట్లో రాకపోతే అది పోయింది. రెండింట్లో రాకపోతే ఆ ఫ్యూజుకి కరెంటే రావట్లేదు, దానికి ముందున్న పెద్ద ఫ్యూజో రిలేయో చూడాలి. ఇలా అయితే ఒక్కటీ పీకకుండా బాక్సంతా అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న ఫ్యూజు జోలికి, పసుపు రంగు కనెక్టర్ల జోలికి మాత్రం వెళ్ళకండి.

ఫ్యూజు బాగుండి, అది కూర్చునే చోటు వదులైనా కనెక్షన్ రాదు. ఫ్యూజు కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగిందంటే అక్కడ లూజుగా ఉండి వేడెక్కుతోంది.

10 పోయింది, చేతిలో 20 ఉంది. ఈ రాత్రికి అది పెట్టేయనా? సిగరెట్ ప్యాకెట్ సిల్వర్ పేపరు చుట్టవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

ఫ్యూజు ఉన్నది లైటునో పాటల పెట్టెనో కాపాడడానికి కాదు, వైరుని కాపాడడానికి. సన్న వైరు ఎంత కరెంటు మోయగలదో లెక్క కట్టి, అది కాలక ముందే తెగిపోయేలా ఫ్యూజు పెడతారు. మామూలు బ్లేడు ఫ్యూజు తన శక్తికి రెట్టింపు కరెంటు పోతే 5 సెకన్లలోపు తెగాలి. 10 ఉండాల్సిన చోట 20 పెడితే, 18 ఆంప్స్ పోతున్నా ఫ్యూజు నిమ్మళంగా కూర్చుంటుంది, వైరు మాత్రం డ్యాష్‌బోర్డు వెనక కరుగుతూ ఉంటుంది. సిల్వర్ పేపరుకైతే ఎప్పుడు తెగాలన్న లెక్కే లేదు.

ఒక కారు వచ్చింది, లోపల కాలిన వాసన వస్తోందని. ఫ్యూజు బాక్సు విప్పి చూస్తే పసుపు ఫ్యూజుకి సిల్వర్ పేపరు చుట్టి ఉంది, దాని కింద ఫ్యూజు కూర్చునే ప్లాస్టిక్ కరిగి మైనంలా జారింది, వెనక నాలుగు వైర్ల తొడుగులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వెనక సీట్లో పసిపిల్ల సీటు కట్టి ఉంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అత్యవసరమైతే ఒకే ఒక్క దారి ఉంది: అంతే శక్తి ఉన్న ఫ్యూజుని, ప్రస్తుతం అక్కర్లేని పరికరం నుంచి తెచ్చి పెట్టుకోండి. హెడ్‌లైట్ ఫ్యూజు పోతే పాటల పెట్టెదో, చార్జర్ సాకెట్‌దో తీసి పెట్టవచ్చు, అంకె ఒకటే అయితే. తక్కువ అంకెది తాత్కాలికంగా పెట్టినా వైరుకి ప్రమాదం లేదు, మహా అయితే మళ్ళీ తెగుతుంది.

సరైన ఫ్యూజే వేశాను, వేయగానే మళ్ళీ ఎగిరిపోతోంది.

ఎప్పుడు ఎగిరిపోతోందో గమనించండి. పెట్టిన క్షణంలోనే పోయి, లోపల నల్లగా మసి పడితే షార్ట్, అంటే ప్లస్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. కాసేపు పనిచేసి పోయి, తీగ మధ్యలో శుభ్రంగా కరిగి ఉంటే ఓవర్‌లోడ్, ఏదో మోటారు బిగుసుకుపోయి ఎక్కువ లాగుతోంది. వైపరు మోటారు, రేడియేటర్ ఫ్యాను, అద్దాల మోటార్లు ఇలా చేస్తాయి. బ్రేకు వేసినప్పుడే పోతే బ్రేకు లైటు వైరు, రివర్స్ గేరులో పోతే రివర్స్ లైటో, తర్వాత పెట్టించిన కెమెరానో.

వెతకడానికి పది ఫ్యూజులు తగలేయక్కర్లేదు. పాత ఇండికేటర్ బల్బు ఒకటి, 21 వాట్లది, రెండు వైర్లు కట్టి ఫ్యూజు కాళ్ళు ఉండాల్సిన చోట దూర్చండి. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటు రెండు ఆంప్స్ మించదు కాబట్టి ఏదీ కాలదు. ఇప్పుడు ఆ లైనులో ఉన్న కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పుతూ, వైరు కట్టని మెల్లగా కదుపుతూ వెళ్ళండి. ఎక్కడ ముట్టుకుంటే బల్బు వెలుగు తగ్గిందో, షార్ట్ అక్కడే. ముందు చూడాల్సిన చోట్లు: డిక్కీ తలుపు కీలు దగ్గర వైర్లు, ఎందుకంటే రోజూ వంగి వంగి అక్కడ తొడుగు చిట్లుతుంది, డ్రైవరు తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టం లోపల, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టం, హారన్, ఫాగ్ లైట్ల జాయింట్లు. అపార్ట్‌మెంటు సెల్లారులో ఆపే కార్లయితే ఎలుకలు కూడా, ఇంజిన్ మీద పెంటికలు, కొరికిన తొడుగు ముక్కలు కనిపిస్తాయి.

చార్జర్ సాకెట్ ఫ్యూజే మాటిమాటికీ పోతోంది.

ముందు సాకెట్ లోపల టార్చి వేసి చూడండి. పక్కనే చిల్లర వేసుకునే గుంట ఉంటుంది, అందులోంచి రూపాయి బిళ్ళ జారి సాకెట్ అడుగున పడితే నడిమి ప్లస్‌కీ గోడకీ మధ్య సరిగ్గా అడ్డం పడుతుంది. ఇలాంటివి నేను చాలా తీశాను. తీసే ముందు ఫ్యూజు పీకి, ప్లాస్టిక్ పుల్లతో తీయండి.

రెండో కారణం టైర్లకి గాలి కొట్టే పంపు. సాకెట్ మామూలుగా 120 వాట్లది, అంటే 10 ఆంప్స్. కొన్ని పంపులు అంతకన్నా ఎక్కువ లాగుతాయి. పంపు మీద ఎన్ని ఆంప్స్ రాసుందో చూడండి, ఎక్కువైతే నేరుగా బ్యాటరీకి తగిలించే క్లిప్పులున్న పంపు కొనుక్కోండి.

హెడ్‌లైట్ వెలుగు చాలట్లేదని ఎక్కువ వాట్ల బల్బులు వేయించాను. ఫ్యూజు పోతోంది.

లెక్క చూడండి. మామూలు బల్బు 55 వాట్లు, రెండూ కలిపి 110, పన్నెండుతో భాగిస్తే 9 ఆంప్స్ చిల్లర. 100 వాట్లవి రెండు వేస్తే దాదాపు 17. అదే ఫ్యూజు, అదే వైరు, అదే స్విచ్ అంత ఎలా మోస్తాయి? అరకు ఘాట్ రాత్రిపూట దిగుతుంటే సగం దారిలో లైట్లు ఆరిపోతే ఏం చేస్తారు? పాత బల్బులు పెట్టించి, లైటు అద్దం మసకబారిందేమో పాలిష్ చేయించండి, ఎర్త్ శుభ్రం చేయించండి. వెలుగులో తేడా మీకే తెలుస్తుంది.

రెండు మూడు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ డౌన్. సంక్రాంతికి ఊరెళ్ళి వస్తే ఇక అంతే.

కారు ఆపినా ఏదో కరెంటు తాగుతోంది. గడియారం, అలారం లాంటివాటికి 0.05 ఆంపు లోపు పోవడం మామూలే. డ్యాష్ కెమెరా 24 గంటలూ నడిచేలా పెట్టించి, అది పావు ఆంపు తీసుకుంటోందనుకోండి, రోజుకి 6 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీలో నిండా ఉన్నా మొత్తం 35. మూడు రోజుల్లో సగం ఖాళీ, పాత బ్యాటరీ అయితే సెల్ఫ్ తిరగదు.

వెతికే పద్ధతి: తలుపులన్నీ వేసి, తాళంచెవి దూరంగా పెట్టి, అరగంట పైన ఆగండి, లోపలి కంప్యూటర్లు నిద్రపోవాలి. తర్వాత మీటరుని మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కొక్క ఫ్యూజు వీపు మీది రెండు చుక్కల మీదా రెండు ముళ్ళూ ఆనించండి. కరెంటు పోని ఫ్యూజు సున్నా చూపిస్తుంది, పోతున్నది ఏదో అంకె చూపిస్తుంది. ఆ లైనులో ఏముందో చూడండి. డిక్కీ లైటు, గ్లోవ్ బాక్సు లైటు మూసినా వెలుగుతూ ఉండడం నేను ఎక్కువగా చూసే కారణం, ఫోనులో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూసేస్తే తెలిసిపోతుంది.

జంపర్ కేబుల్ ఎలా తగిలించాలి?

ఎర్రది ముందు మీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొన మీ కారు ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి క్లిప్పు దగ్గర స్పార్క్ వస్తుంది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకే దూరం. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. తీసేటప్పుడు సరిగ్గా ఇదే వరసని తిరగేసి, ఆఖర్న పెట్టింది ముందు తీయాలి.

ఎరుపు నలుపు తారుమారైతే మెయిన్ ఫ్యూజు పోతుంది, డైనమో లోపలి డయోడ్లు కూడా పోవచ్చు. చీకట్లో తొందరపడకండి, ఫోను లైటు వేసి ప్లస్ గుర్తు చూసుకోండి. ఆటోమేటిక్ గేరు కారుని తోసి స్టార్ట్ చేయాలని చూడకండి, అది జరిగే పని కాదు.

బ్యాటరీ తీసి పెట్టాక అద్దం ఆటోమేటిగ్గా పైకి రావట్లేదు, ఇంజిన్ కొంచెం వణుకుతోంది.

పాడవలేదు, మర్చిపోయింది అంతే. అద్దం పూర్తిగా ఎత్తి బటన్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో గుర్తొస్తుంది. ఐడిలింగు కాసేపు నడిపితే సర్దుకుంటుంది.

వాన నీళ్ళలో నిలిచిన కారు. తాళం తిప్పి చూడొచ్చా?

తిప్పకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మాకు వచ్చిన కార్లలో, తాళం తిప్పకుండా తెచ్చినవాటిని ఆరబెట్టి, కనెక్టర్లు శుభ్రం చేసి బతికించగలిగాం. "ఒకసారి చూద్దాం" అని తిప్పినవాటిలో కంప్యూటర్ బాక్సులు పోయాయి. నీళ్ళు సీటు దాకా వచ్చి ఉంటే నెగెటివ్ విప్పి, లాగించి తెప్పించండి. సముద్రపు నీళ్ళయితే ఆరినా ఉప్పు మిగిలిపోతుంది, ఆ కనెక్టర్లని మంచినీళ్ళతో కడిగించి ఆరబెట్టాల్సిందే.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకీ ఇదంతా వర్తిస్తుందా?

వాటిలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది డౌన్ అయితే కారు రిమోట్‌కి తెరుచుకోదు కూడా. దాని టెర్మినల్ శుభ్రత, ఫ్యూజులు ఇవన్నీ ఒకటే. నారింజ రంగు లావు కేబుళ్ళు మాత్రం ముట్టుకోకండి, వాటిలో వందల వోల్టులుంటాయి. అది శిక్షణ ఉన్నవాళ్ళ పని.

కారులో ఏమేం పెట్టుకోవాలి?

10, 15, 20 ఫ్యూజులు రెండేసి, మీ కారు సైజువి, నమ్మకమైన షాపులోంచి, ఎందుకంటే చవక ఫ్యూజులు కొన్ని తెగాల్సినప్పుడు తెగవు. 10 నంబరు పానా, ఎమరీ ముక్క, చిన్న టార్చి, మామూలు మల్టీమీటరు. ఫ్యూజు బాక్సు మూత లోపలి పటాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, చీకట్లో వంగి చదవక్కర్లేదు. ఏ ఫ్యూజు మార్చినా ఆ మూత మీదే మార్కరుతో తేదీ రాయండి. రెండు నెలల్లో అదే ఫ్యూజు మళ్ళీ పోతే, ఆ తేదీ చూపిస్తే చాలు, మీ ఎలక్ట్రీషియన్‌కి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.